కింద ప్లైవుడ్ మెత్తబడింది, పైన కొత్త చెక్క వేయొచ్చా?

ప్రశ్న: మేడ మీద గదిలో చెక్క దూలాల పైన ప్లైవుడ్ కొట్టి ఉంది. పాత కార్పెట్ తీసేసరికి కిటికీ కింద ప్లైవుడ్ నల్లబడి కనిపించింది. అక్కడ కాలు వేస్తే కొంచెం దిగుతోంది. మిగతా గదిలో నడుస్తుంటే కిర్రుకిర్రుమంటోంది. పని చేయడానికి వచ్చినాయన "మందపాటి ఫోమ్ పరిచి పైన చెక్క వేసేద్దాం, ఏమీ కనపడదు" అంటున్నారు. పక్క గదిలో నేల కాంక్రీటు. అక్కడా ఇదే చెక్క వేయించాలని ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఒప్పుకోకండమ్మా. కింద దిగుతున్న చోట పైచెక్క కూడా దిగుతుంది. అడుగు పడ్డ ప్రతిసారీ పలకల అతుకులు కదిలి కదిలి చివరికి విరుగుతాయి. ఫోమ్ మందం పెంచితే ఆ కదలిక ఇంకా ఎక్కువవుతుందే తప్ప తగ్గదు.

ముందు నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయో తేలాలి. ఇది తేలకుండా రంపం పట్టనివ్వకండి. కిటికీ ఫ్రేము చుట్టూ బయట పగుళ్లున్నాయేమో, వాన పడేటప్పుడు గోడ లోపలివైపు తడుస్తోందేమో, ఆ గోడలో పైపు ఏదైనా పోతోందేమో చూడండి. కారణం దొరక్కుండా ప్లైవుడ్ మారిస్తే కొత్త ముక్క కూడా నల్లబడుతుంది, ఈసారి ఖరీదైన చెక్క కింద.

ఆ తర్వాత ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని మరక పొడవునా పొడిచి చూడండి. నల్లగా ఉన్నదంతా పాడైనట్టు కాదు. గట్టిగా, పొడిగా ఉంటే అది ఉత్త మరకే, ఉండనివ్వొచ్చు. మొన సులువుగా దిగినా, పొరలు విడిపోతున్నా ఆ భాగం తీసేయాల్సిందే. కోత పాడైన చోటుతో ఆగకూడదు. గట్టి చెక్క తగిలి, అటూ ఇటూ దూలం నడిమధ్య వరకు వెళ్లాలి. అప్పుడే కొత్త ముక్క అంచులకు ఆనుకోవడానికి చోటుంటుంది. దూలం మీదికి రాని అంచుల కింద అడ్డచెక్కలు బిగించాలి. రంపం లోతు ప్లైవుడ్ మందానికి మించకుండా చూసుకోమనండి, కింద వైర్లో పైపులో ఉండొచ్చు. కొత్త ముక్క పాతదాని మందమే ఉండాలి. ముక్కల మధ్య 3 మి.మీ. సందు వదలాలి.

తెరిచినప్పుడు దూలాన్ని కూడా పొడిచి చూడటం మరిచిపోవద్దు. అది మెత్తబడి ఉంటే పని అక్కడే ఆపి, ఇంటి కట్టడం తెలిసిన ఇంజనీరుకు చూపించండి. అది ఫ్లోరింగ్ వేసేవాళ్లు తేల్చే విషయం కాదు.

కిర్రుమనే శబ్దానికి కారణం చాలావరకు వదులైన మేకులు. ప్లైవుడ్ వాటి మీద పైకీ కిందికీ జరుగుతుంటుంది. మళ్లీ మేకులు కొట్టించకండి, స్క్రూలు దూలంలోకి దిగేలా బిగించండి. ఒకరు నడుస్తుంటే ఇంకొకరు వంగి వింటే చోటు త్వరగా దొరుకుతుంది. చెక్క పడ్డాక ఇంత సులువుగా బాగుచేయలేరు, కాబట్టి ఈ పనికి తొందరపడకండి.

ఇక మట్టం. 10 అడుగుల తిన్నని పట్టీని నేల మీద పడుకోబెడితే కింద సుమారు 5 మి.మీ. కంటే ఎక్కువ సందు కనిపించకూడదు. పొంగిన అతుకులను గరుకు కాగితంతో అరగదీసి (శాండింగ్) దించాలి. పల్లాలు నింపే ముందు చెక్కను ఎలా బిగిస్తారో తేల్చుకోండి. మేకులతో కొట్టేటట్టయితే సిమెంటు లాంటి లెవెలింగ్ మిశ్రమం పనికిరాదు, మేకు దిగేసరికి పగిలిపోతుంది. అక్కడ పలచటి ప్లైవుడ్ ముక్కలే సర్దాలి. జిగురుతో అతికించినా, తేలేలా (నేలకు బిగించకుండా, పలకలను ఒకదానికొకటి కలిపి) పరిచినా మిశ్రమం వాడొచ్చు, కానీ చెక్క మీద పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్నదే కొనండి.

చెమ్మ కొలిచే మీటరు ఒకటి తెప్పించండి. ప్లైవుడ్‌లో 12 శాతం దాటితే ఆరేదాకా ఆగాలి. కింది ప్లైవుడ్‌కీ కొత్త చెక్కకీ తేడా, 3 అంగుళాల లోపు వెడల్పు పలకలకైతే 4 శాతం, అంతకంటే వెడల్పువాటికి 2 శాతం మించకూడదు. వెడల్పు పలకలు అందంగా ఉంటాయి, నిజమే. కానీ చెమ్మ మారితే ఎక్కువగా పొంగి కుంచించుకుపోయేవీ అవే.

కాంక్రీటు గదిలో నేరుగా మేకులు కొట్టే పద్ధతి కుదరదు. రెండు గదుల్లో ఒకే చెక్క కావాలంటే, పొరలుగా అతికించిన ఇంజనీర్డ్ పలకలు తీసుకోవడమే నా సలహా. వాటిని జిగురుతో గానీ, తేలేలా గానీ వేయొచ్చు. ముందు 18 అంగుళాల చదరం ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపు వేసి కనీసం 16 గంటలు ఉంచండి. కింద చెమటలా నీటి బిందువులు పట్టినా, కాంక్రీటు రంగు ముదిరినా చెమ్మ ఉన్నట్టే. పొడిగా కనిపించినంత మాత్రాన అయిపోలేదు. జిగురు కంపెనీ అడిగే కొలత మీటరుతో తీయించాలి. కాంక్రీటు మీద నల్లటి పాత జిగురు ఉంటే గీకించకండి, శాండింగ్ అసలే వద్దు. పాతకాలపు జిగురులో ఆస్బెస్టాస్ (దుమ్ముగా పీల్చితే ఊపిరితిత్తులకు హాని చేసే పీచు) ఉండే అవకాశముంది, ముందు ల్యాబులో పరీక్ష చేయించండి.