సెకండ్ హ్యాండ్ బండి పెట్రోలు తాగుతూ మిస్ కొడుతుంటే, కార్బరేటర్ మార్చే ముందు చూడవలసినవి

మీరు కొన్న సెకండ్ హ్యాండ్ బండి స్లోలో నిలబడడం లేదనీ, సైలెన్సర్ నుంచి నల్లటి పొగ వస్తోందనీ, మైలేజీ పాత యజమాని చెప్పినదాంట్లో సగమే ఉందనీ రాశారు. ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్ కొత్తవి వేసినా మార్పు లేకపోవడంతో మెకానిక్ కార్బరేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజనుకు పంపే భాగం) మొత్తం మార్చమంటున్నారనీ, మార్చాలా వద్దా తేల్చుకోలేకపోతున్నాననీ అడిగారు. దాదాపు ఇవే లక్షణాలున్న బండిని నేను కొని బాగు చేసుకున్నాను కాబట్టి చెబుతున్నాను: ఇప్పుడే మార్చకండి. పెట్రోలు ఎక్కువ తాగడం, ఇంజను మిస్ కొట్టడం రెండు వేర్వేరు జబ్బుల్లా కనిపించినా చాలాసార్లు వాటి మూలం ఒక్కటే: లోపలికి వెళ్ళే గాలికి తగిన మోతాదును మించి పెట్రోలు అందడం. ఆ ఎక్కువ ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకుంటే చిన్న భాగం మార్చడంతోనే పని పూర్తి కావచ్చు.

ముందుగా మైలేజీని సరిగ్గా కొలవండి. ట్యాంకు నిండా పోయించి, మీటరులో కిలోమీటర్లు రాసుకొని, మీరు రోజూ తిరిగే దారుల్లోనే రెండు మూడు వందల కిలోమీటర్లు నడిపిన తరువాత బండిని అదే విధంగా స్టాండు వేసి అదే మట్టానికి మళ్ళీ నింపితే, ఆ దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించినప్పుడు వచ్చేదే నిజమైన మైలేజీ. పాత బండ్లలో మీటరు కేబులు గానీ దాని గేరు గానీ అరిగి, ఆగి ఆగి తిరుగుతుంటుంది. అప్పుడు తిరిగిన దూరమే తక్కువగా నమోదవుతుంది కాబట్టి ఒకసారి ఫోనులోని మ్యాపుతో పోల్చి చూసుకోవడం మంచిది.

ఆ తరువాత ఇంజనుతో సంబంధం లేని నష్టాన్ని చూడండి. సెంటర్ స్టాండు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి వెనక చక్రాన్ని చేత్తో తిప్పితే అది ఒరుసుకోకుండా తిరగాలి. నా బండిలో బ్రేకు షూలను తెరిచే క్యామ్ తుప్పు పట్టి, పెడలు వదిలినా పూర్తిగా వెనక్కి వచ్చేది కాదు. బ్రేకు దాదాపు వాడకుండా కొంత దూరం నడిపి ఆపినా డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండేది. దాన్ని శుభ్రం చేసి, కొద్దిగా గ్రీజు పెట్టడంతోనే మైలేజీలో తేడా కనిపించింది. టైర్లలో గాలి, చైను బిగువు కూడా అప్పుడే చూసేయండి. రేస్ ఇచ్చినప్పుడు ఇంజను శబ్దం పెరిగినంతగా వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయని అర్థం.

ఇక ఇంజను విషయానికి వస్తే, మీరు వేసిన కొత్త ప్లగ్గే ఇప్పుడు మీకు సాక్ష్యం. కాసేపు ఒకే వేగంతో నడిపి, స్లోలో తిరగనివ్వకుండా వెంటనే ఆపి, చల్లారాక విప్పి చూడండి. కొన లేత గోధుమ రంగులో ఉంటే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. తడిగా, నూనె జిడ్డుతో నల్లగా ఉంటే పిస్టన్ రింగుల నుంచో వాల్వు సీళ్ళ నుంచో ఆయిల్ పైకి వస్తున్నట్టు. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, అంటే కార్బరేటర్‌కూ ఇంజనుకూ మధ్యనున్న రబ్బరు పగిలి గాలి లాగుతూ ఉండవచ్చు. మీరు చెప్పిన నల్ల పొగను బట్టి మీ బండిది ఆ దోషం కాకపోవచ్చు.

మసి కనిపిస్తే, బండి ఏ రేసులో ఎక్కువ ఇబ్బంది పెడుతోందో గమనించండి, ఎందుకంటే కార్బరేటర్‌లో ఒక్కో దశను ఒక్కో భాగం నడిపిస్తుంది. స్లో నుంచి ఎనిమిదో వంతు రేసు వరకు పైలట్ జెట్ (జెట్ అంటే పెట్రోలు వచ్చే సన్నని రంధ్రమున్న భాగం), దాని స్క్రూ. పావు నుంచి ముప్పావు వరకు నీడిల్ అనే సూదిలాంటి కడ్డీ, అది దిగే నీడిల్ జెట్. ఆ పైన మెయిన్ జెట్. మనం రోజూ నడిపేది చాలావరకు మధ్య దశలోనే కాబట్టి మైలేజీ ఎక్కువగా పోయేదీ అక్కడే. నా బండి కార్బరేటర్‌ను అంతకుముందే ఎన్నోసార్లు శుభ్రం చేశారని దాని స్క్రూ తలలు చూస్తేనే తెలిసేది, కానీ అరిగిన భాగాన్ని ఎంత కడిగినా అరుగుదల పోదు. నీడిల్‌ను బయటకు తీసి వెలుతురులో తిప్పుతూ చూస్తే ఒక పక్క మాత్రం మెరుస్తూ పల్చబడి ఉంది. అది దిగే జెట్ రంధ్రం గుండ్రంగా కాక కోలగా సాగిపోయింది. పెట్రోలు పైకి వచ్చేది ఆ రెండింటి మధ్యనున్న సన్నని సందులోంచే, కాబట్టి కంటికి ఆనని అరుగుదల కూడా మిశ్రమాన్ని బాగా మార్చేస్తుంది. నీడిల్, నీడిల్ జెట్ రెండూ కలిపే మార్చాలి.

కార్బరేటర్ గిన్నెలోకి పెట్రోలును తగినంత వరకే రానిచ్చే ఫ్లోట్ వాల్వును మాత్రం తప్పకుండా చూడండి. దాని రబ్బరు కొన మీద గుండ్రటి గాడి పడితే పెట్రోలు పూర్తిగా ఆగదు, గిన్నెలో మట్టం పెరిగి అన్ని దశల్లోనూ మిశ్రమం చిక్కబడుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఆ పెట్రోలు ఇంజను ఆయిల్‌లోకి కూడా దిగవచ్చు. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వచ్చినా, ఆయిల్ మట్టం పెరిగినా, వాల్వును, ఆయిల్‌ను మార్చేదాకా దయచేసి ఇంజను తిప్పకండి, పల్చబడిన ఆయిల్‌తో బేరింగులు, పిస్టన్ పాడవుతాయి. చోక్ కేబులు బిగుసుకుపోయి, చోక్ పూర్తిగా వెనక్కి రాకపోయినా ఇదే నల్ల పొగ వస్తుంది, దాన్ని చూడడానికి ఖర్చేమీ లేదు.

వాల్వులను నొక్కి తెరిచే ట్యాపెట్లు కూడా చూపించండి. శబ్దం లేదు కాబట్టి బాగున్నాయనుకోకూడదు. బిగుసుకుపోయిన ట్యాపెట్లు చప్పుడు చేయవు, కానీ వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ (సిలిండరు లోపలి ఒత్తిడి) జారి, వేడెక్కిన ఇంజను స్లోలో ఆగిపోతుంది. చిన్న ఇంజన్లలో ట్యాపెట్‌కూ వాల్వుకూ మధ్య సందు సాధారణంగా 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. కచ్చితమైన కొలత మీ బండి మాన్యువల్‌లో చూసి, ఇంజను పూర్తిగా చల్లారాకే సరిచేయాలి. ఆ తరువాత కూడా కంప్రెషన్ తక్కువగా ఉంటే ప్లగ్గు రంధ్రంలో కొద్దిగా ఆయిల్ వేసి మళ్ళీ కొలవండి: పెరిగితే రింగుల లోపం, పెరగకపోతే వాల్వుల లోపం అని అనుమానించాలి.

వీటిలో ఏది మార్చినా ఒకటి మార్చి, నడిపి, ప్లగ్గు చూసిన తరువాతే రెండోదాని జోలికి వెళ్ళండి. లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. ఇవన్నీ చేశాక కూడా మసి తగ్గకపోతేనో, కార్బరేటర్ లోపల రేస్ ఇచ్చినప్పుడు పైకి లేచే స్లైడు చేతికి వదులుగా అటూ ఇటూ ఆడుతుంటేనో, మీ మెకానిక్ మాట నిజమే. అరిగిపోయిన బాడీకి మరమ్మతు లేదు, అప్పుడు ధైర్యంగా కొత్త కార్బరేటర్ వేయించుకోండి.