వలిసె చేలో దారి ఎక్కడ వదలాలి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఈ శీతాకాలం నుంచి పసుపు పూల నూనెగింజ పంటైన మీ వలిసె చేనును, దాని ఎగువనున్న కాఫీ తోటను సందర్శకులకు చూపించాలని, వీలైతే ఇంటి పక్కన రెండు గదులు వేసి రాత్రి బస కూడా ఏర్పాటు చేయాలని అనుకుంటున్నట్టు నువ్వు రాసిన ఉత్తరం అందింది. మంచి ఆలోచనే. అయితే నువ్వు డబ్బు ఎంత తీసుకోవాలన్న దగ్గర మొదలుపెట్టావు. నా అనుభవంలో ఈ పని విత్తనం చల్లే రోజున, వచ్చేవాళ్ల అడుగు ఎక్కడ పడాలో నిర్ణయించడంతో మొదలవుతుంది. అది తెలియక నేను ఒక పంట పోగొట్టుకున్నాను కనుక ముందుగా ఆ సంగతే రాస్తాను.

పన్నెండేళ్ల క్రితం నవంబరు నెలాఖరున అరకు రోడ్డు పక్కనున్న మా అరెకరం చేను నిండా పసుపు ఆరబోసినట్టు పూసింది. కార్లు ఆగడం మొదలైంది. మనిషికి 10 రూపాయలు చొప్పున తీసుకుని లోపలికి వెళ్లనిచ్చాను. మొదటి జంట గట్టు మీదే నిలబడి ఫోటో తీసుకుంది. తరువాత వచ్చినవాళ్లు తమ ఫోటోలో వేరే మనుషులు పడకూడదని నాలుగడుగులు లోపలికి వెళ్లారు, వారి తరువాతి వారు ఇంకో నాలుగడుగులు. మూడు రోజులకు చేను మధ్యన పశువులు నడిచిన బాటల్లాంటి బాటలు పడ్డాయి. వలిసె కాడ ఎంత లేతదో నీకు తెలుసు. పూత మీద విరిగిన మొక్క తిరిగి లేచి గింజ కట్టదు. పైగా వలిసె పువ్వు గింజగా మారాలంటే తేనెటీగలు ఒక మొక్క నుంచి మరో మొక్కకు తిరగాలి. అవి తిరిగే పొద్దుటి వేళలోనే చేలో జనం నిండిపోయారు. ఆ సాయంత్రం మీ అమ్మమ్మ విరిగిన మొక్కలను ఒక్కొక్కటిగా ఏరి ఒడిలో వేసుకుంటూ, ఈ ఏడాది నూనె ఇంతేనా అని అడిగింది. నా జేబులో చిల్లర ఉంది కానీ ఆమెకు చెప్పడానికి జవాబు లేకపోయింది.

మరుసటి ఏడు ఆగస్టులో విత్తేటప్పుడే గట్టు వెంబడి మూడడుగుల మేర గింజ చల్లకుండా వదిలాను. చేను మధ్యకు ఒకే ఒక దారి తీసి, దాని చివర నలుగురు నిలబడేంత ఖాళీ జాగా ఉంచి, రెండు పక్కలా వెదురు గెడలు పాతి తాడు కట్టాను. అక్కడ నిలబడితే నాలుగు వైపులా పూలే కనిపిస్తాయి కనుక మొక్కల్లోకి దిగవలసిన అవసరం ఎవరికీ రాలేదు. దారి కోసం వదిలిన నేలలో పోయిన గింజ, ఆ ముందటి ఏడు తొక్కుడుకు పోయిన గింజతో పోలిస్తే చాలా తక్కువ.

కాఫీ తోట సంగతి ఇంతకంటే చిక్కైనది. మన పండ్లు ఎర్రబారేది నవంబరు నుంచి జనవరి వరకు. మంచు చూడడానికి లంబసింగికీ వంజంగి కొండకూ అరకుకూ జనం పోటెత్తేదీ ఆ నెలల్లోనే. పండిన కాయను మాత్రమే ఏరుతూ ఒకే మొక్క దగ్గరకు మూడు నాలుగు సార్లు వెళ్లాలి. ఇంటిల్లిపాదీ తోటలో ఉండే ఆ రోజుల్లో వచ్చినవాళ్లకు తోట చూపించేదెవరు? అందుచేత వారానికి రెండు రోజులు మాత్రమే, అదీ మధ్యాహ్నం తరువాతే రమ్మని చెప్పు. కోత జరుగుతున్న వరుసల్లోకి ఎవరినీ పంపకు. సిల్వర్ ఓక్ నీడ ఎందుకు కావాలో, మిరియాల తీగ దాని మీదకు ఎలా పాకుతుందో తోట అంచున నిలబెట్టి చెప్పినా సరిపోతుంది. పండ్లు ఆరబెట్టిన చోట చెప్పులు విడిచి రమ్మని అడగడానికి మొహమాటపడకు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు నిలబడేది ఆ కళ్లంలోని శుభ్రత మీదే.

నీ ఉత్తరం అందాక మన చుట్టుపక్కల ఊళ్లలో కొందరు రైతులను కలిసి వారి అభిప్రాయం అడిగాను. సందర్శకులను రానివ్వకూడదని గట్టిగా అన్నవారు చాలా తక్కువ మంది. ఒక పెద్దావిడ, రావద్దని నేను అనను, అడిగి రమ్మంటున్నాను అంది. ఒక కుర్రవాడు తన గట్టు మీద ఎవరైనా జారి కాలు విరగ్గొట్టుకుంటే బాధ్యత ఎవరిదని భయపడుతున్నాడు. రోడ్డుకు ఎగువన పొలమున్న ఒకాయన మాట నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. వచ్చినవాళ్లు ఫోటోలో పట్టుకునేది నా పొలాన్ని, డబ్బిచ్చేది రోడ్డు పక్కవాడికి అన్నాడు. అది న్యాయమైన మాట. నీ చేలో నిలబడినవాడు చూసేది నీ చేనొక్కదాన్నే కాదు. దాని వెనకనున్న వరిమడుల మెట్లను, కొండవాగైన గెడ్డను, అవతలి కొండమీది రాగి చేలను కూడా చూస్తాడు. కాబట్టి వచ్చే డబ్బులో ఎంతో కొంత ఊరి ఉమ్మడి ఖాతాకు చేరే ఏర్పాటు మొదటి రోజునే చెయ్యి. ఆలస్యం చేస్తే అది నీ దయలా కనిపిస్తుంది, ఇరుగుపొరుగుతో తగాదాకు దారి తీస్తుంది.

ఆ ఉమ్మడి డబ్బు దేనికి వాడాలో కూడా చెబుతాను: ముందుగా రాతిగట్లకు. మన తాతలు గెడ్డ నీటిని మడి నుంచి మడికి దింపుతూ కట్టిన ఆ మెట్లే మనకు మిగిలిన పెద్ద ఆస్తి. మన పిల్లలు వలస పోతున్న కొద్దీ వాటిని బాగుచేసే చేతులు తగ్గిపోతున్నాయి. వర్షాలు వెనకపట్టాక ఒకసారి గట్టు వెంట నడిచి చూడు. ఎండ్రకాయలు తొలిచిన బొరియలోంచి నీరు సన్నగా కారుతూ ఉంటుంది. దాన్ని వదిలేస్తే మరుసటి వానకు ఆ చోటు పొట్టలా ఉబ్బి, ఒక రాత్రి గట్టు మొత్తం కింది మడిలోకి జారుతుంది. బాగుచేసేటప్పుడు పెద్ద రాయిని అడుగున పెట్టి, ప్రతి వరుసనూ కొండవైపుకు కాస్త వాల్చి, సందుల్లో చిన్నరాళ్లు బిగించి, పైన గడ్డిపెళ్లలు పరచాలి. సిమెంటు పూయకు, నీరు బయటికి పోయే దారి లేక గట్టు పగులుతుంది. ఇది నేర్చుకోవాలంటే నేర్పే ముసలివాళ్లు ఉండగానే నేర్చుకోవాలి. చూడవచ్చినవాళ్లలో ఇష్టమైనవారిని ఒక పూట ఈ పనిలోకి పిలువు. ఒక్క రాయి మోసినవాడు ఆ తరువాత గట్టెక్కి గంతులు వేయడు, ఇది నేను కళ్లారా చూశాను.

ఇంగ్లాండులోని కొండ రైతులకూ ఇదే సమస్య ఉంది. అక్కడ 2000లో వచ్చిన చట్టంతో చాలా కొండ నేలల మీద ఎవరైనా కాలినడకన తిరిగే హక్కు ఏర్పడింది. అయితే మార్చి 1 నుంచి జూలై 31 వరకు అలాంటి నేలల్లో కుక్కను రెండు మీటర్లకు మించని తాడుతో పట్టుకునే నడవాలి. సహజంగా ఉన్న రాయో వాగో కారణంగా ఎవరికైనా దెబ్బ తగిలితే రైతు మీద పడే బాధ్యతను కూడా ఆ చట్టం తగ్గించింది. సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలను నిలబెట్టినందుకు ప్రభుత్వ పథకాల కింద డబ్బు ఇస్తారు. మనకు అటువంటి చెల్లింపు లేదు. గట్టును ప్రజల వారసత్వంగా చూడవచ్చేవారు ఉన్నప్పుడు దాన్ని నిలబెట్టే ఖర్చులో ప్రజలకూ వంతు ఉండాలని మనం కూడా అడగాలి. అడగడంలో తప్పు లేదు.

ఆ చెల్లింపు వచ్చే వరకు మనకు అండగా ఉండేది గ్రామసభ. ఈ పనికి పెట్టుబడి పెడతామంటూ పట్నం నుంచి ఎవరైనా కాగితాలు పట్టుకొస్తే సంతకం పెట్టకు. మన గిరిజన ప్రాంతంలో, భూమి బయటివారి చేతికి పోకుండా 1970లో వచ్చిన 1/70 నిబంధన ప్రకారం గిరిజనేతరుడికి భూమి అమ్మడమే కాదు, కౌలుకివ్వడం కూడా చెల్లదు. గుడారాలు వేసుకోవడానికే అని చెప్పి రాయించుకున్నా, నీ పేరు ముందు పెట్టి వెనక వాళ్లు నడిపినా చివరికి నష్టపోయేది నువ్వే. మీ కాఫీ తోటకున్నది అటవీ హక్కుల పట్టా అయితే అది నీ పిల్లలకు సంక్రమిస్తుంది గానీ మరొకరికి బదిలీ కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టంలోని అయిదో సెక్షను మన సాంస్కృతిక, సహజ వారసత్వానికి చేటు చేసే పనులను ఆపే అధికారాన్ని గ్రామసభకు ఇస్తోంది. కాబట్టి నీ దారి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఎన్ని బళ్లు ఆగవచ్చో, చెత్త ఎవరు మోస్తారో గ్రామసభలో చెప్పి తీర్మానం రాయించు. మరుగుదొడ్డి లేకుండా మాత్రం ఒక్కరోజు కూడా మొదలుపెట్టకు. లేకపోతే గెడ్డ పాడవుతుంది, దిగువన ఆ నీళ్లు తాగేది మనవాళ్లే.

ఇక చూపించకూడనివి. గ్రామదేవత రాయి ఉన్న చోటికి, పెద్దలను పాతిపెట్టిన చోటికి దారి తీయకు, బోర్డు మీద వాటి పేరు కూడా రాయకు. కొత్తల పండుగ నాడు, కొత్త పంటను దేవతకు పెట్టకముందు మనమే నోట పెట్టుకోం. ఆ రోజు ఊరికి బయటివారిని రానివ్వవద్దు. మన థింసా నృత్యం విషయంలో కొందరితో నాకు విభేదం ఉంది. డబ్బిస్తే ఏ వేళనైనా ఆడాలా అని మన ఆడవాళ్లు అడుగుతున్నారు, వారి పక్షమే నాది. ఆడాలో వద్దో, ఎప్పుడో, ఎంతసేపో వారినే నిర్ణయించనివ్వు. డప్పు, తుడుము, మోరి వాయించేవారికి కూడా ఆడినవారితో సమానంగా ముట్టజెప్పు. దారిన పోయేవారిని అడగడం మనకు కొత్త కాదు. ఇటుకల పండుగకు మగవాళ్లు వేటకు వెళితే ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడి బళ్లను ఆపి నాలుగు డబ్బులు తీసుకుంటారు. ఆ అడగడంలో ఎంత దర్జా ఉంటుందో నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు కూడా సందర్శకుడిని అలాగే అడుగు.

రాత్రి బస గదుల మాట ఈ ఏడాదికి ఆపు. ముందు ఒక పూత కాలం పగటి సందర్శకులతో గడిపి, ఎంత శ్రమ అవుతుందో మీ ఇంటి ఆడవాళ్లను అడిగి తెలుసుకున్నాక ఆలోచిద్దాం. వంట, పక్క దులపడం వారి మీదే పడతాయి కదా.

మీ చేను వాలు నాకు పూర్తిగా గుర్తు లేదు. తూర్పు గట్టు దగ్గర పెద్ద పనస చెట్టు ఉన్నట్టు మాత్రం జ్ఞాపకం. దారి అటువైపు నుంచి తీస్తే నీడ ఉంటుంది, గట్టు కూడా అక్కడ వెడల్పు అనుకుంటాను. విత్తనం చల్లడానికి వారం ముందు కబురు పెట్టు. తాడు, వెదురు గెడలు నేను తెస్తాను. ఎగువ పొలం ఆయనను కూడా ఆ రోజు రమ్మని నువ్వు వెళ్లి పిలువు.

ఇట్లు,
మీ మామయ్య