వైరస్ తగ్గాక మళ్లీ వచ్చే జ్వరం

అమ్మాయీ,

బాబుకి కోవిడ్ తేలిగ్గానే పోయిందని రాశావు, సంతోషం. అయినా ఆ తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకో. రెండో వారం నుంచి ఆరో వారం దాకా వచ్చే జ్వరాన్ని మామూలు జ్వరాల ఖాతాలో వెయ్యకు. వైరస్ పోయాక కూడా రోగనిరోధక వ్యవస్థ చల్లారకుండా గుండె, పేగులు, రక్తనాళాలు, చర్మం అన్నింట్లోనూ వాపు తెచ్చే జబ్బు ఒకటుంది. ఎంఐఎస్-సి అంటారు. 2020 ఏప్రిల్ చివర్లో బ్రిటన్ డాక్టర్లు దీని గురించి హెచ్చరించారు. మే 15న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని నిర్వచనం ప్రకటించింది. అరుదైన జబ్బే, ఇప్పుడు మరీ అరుదు. వస్తే మాత్రం చూస్తుండగానే ముదురుతుంది.

తికమక పెట్టేది కడుపు. దగ్గు, జలుబు ఉండకపోవచ్చు. 38 డిగ్రీలు దాటిన జ్వరంతో పాటు కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు వస్తే అందరి చూపూ తిన్న తిండి మీదకే పోతుంది. నొప్పి ఒక్కోసారి అచ్చం అపెండిసైటిస్‌లానే ఉంటుంది. అందుకే కళ్లు చూడు: పుసి లేకుండా రెండూ ఎర్రబడతాయి. పెదాలు ఎర్రగా పగులుతాయి, ఒంటి మీద దద్దుర్లు, అరచేతులు, పాదాల్లో వాపు రావచ్చు. అన్నీ ఒకేసారి రావు, కొన్ని అసలే రావు.

పారాసెటమాల్ కిలో బరువుకి 15 మిల్లీగ్రాములు, మోతాదుకీ మోతాదుకీ మధ్య కనీసం నాలుగు గంటలు, రోజుకి నాలుగు సార్లకు మించకూడదు. వేసే ముందు జ్వరం ఎంతుందో, టైమెంతో రాసి పెట్టు. మందు పనిచేసిన గంటలో పిల్లాడు ఎలా ఉన్నాడన్నదే అసలు పరీక్ష. మామూలు వైరల్ జ్వరంలో ఒళ్లు చల్లబడగానే లేచి ఆడతాడు. ఇందులో జ్వరం దిగినా నీరసంగా, చిరాగ్గా పడి ఉంటాడు.

ఒళ్లు కాలుతున్నా చేతులు, కాళ్లు చల్లగా ఉన్నాయా? వేలి కొసని గుండె ఎత్తున పెట్టి ఐదు సెకన్లు నొక్కి వదులు. తెల్లబడ్డ చోట రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. మూడు దాటినా, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా, ఆయాసపడుతున్నా, మగతగా ఉన్నా అర్ధరాత్రయినా సరే బయల్దేరు. పిల్లల ఐసీయూ, ఎకో (గుండెకి తీసే స్కాన్) రెండూ ఉన్న ఆసుపత్రికే వెళ్లు. ఈ గుర్తులేవీ లేకపోయినా జ్వరం మూడో రోజుకి వస్తే డాక్టర్‌కి చూపించాల్సిందే.

వెళ్లగానే "ఇన్ని వారాల క్రితం కోవిడ్ వచ్చింది" అని నువ్వే చెప్పు. అడిగేదాకా ఆగకు, సగం ఆలస్యం అక్కడే జరుగుతుంది. ఆర్‌టీపీసీఆర్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఇది కాదనుకోకూడదు, అప్పటికి మిగిలేవి యాంటీబాడీలే. సీఆర్‌పీ, ఫెరిటిన్, డి-డైమర్, ట్రోపోనిన్ అనే రక్తపరీక్షలు, ఈసీజీ, ఎకో చేస్తారు. తేలితే ఐవీఐజీ, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు, కిలోకి 2 గ్రాములు, అంటే 20 కిలోల పిల్లాడికి 40 గ్రాములు, గంటల తరబడి నెమ్మదిగా ఎక్కిస్తారు. గుండె బలహీనపడి ఉంటే అంత ద్రవాన్ని ఒక్కసారిగా తట్టుకోలేదు, కాబట్టి త్వరగా కానివ్వమని నర్సుని తొందరపెట్టకు. దాంతో పాటు స్టెరాయిడ్, రక్తం గడ్డకట్టకుండా తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. ప్లేట్‌లెట్లు బాగా పడిపోతే ఆస్పిరిన్ ఆపుతారు.

చాలామంది పిల్లలు కోలుకుంటారు. పొరపాట్లు జరిగేది ఇంటికొచ్చాకే. స్టెరాయిడ్‌ని రెండు మూడు వారాల్లో మెట్టుమెట్టుగా తగ్గించాలి. బాగున్నాడు కదా అని ఆపేస్తే వాపు తిరగబెట్టొచ్చు. తగ్గించే రోజుల్లో జ్వరం వస్తే ఆ రోజే ఫోన్ చెయ్యి. ఆస్పిరిన్ మీద ఉండగా ఐబూప్రోఫెన్ వద్దు, అది ఆస్పిరిన్ పనిని అడ్డుకుంటుంది. చుట్టుపక్కల ఎవరికైనా ఫ్లూ, ఆటలమ్మ ఉంటే వెంటనే డాక్టర్‌కి చెప్పు, ఆ రెంటితో ఆస్పిరిన్ కలిస్తే మెదడు, కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. ఐవీఐజీ ఎక్కించాక ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు 11 నెలలు వాయిదా, ముందే వేస్తే పట్టవు.

ఎకో మళ్లీ ఒకటి రెండు వారాలకి, నాలుగు నుంచి ఆరు వారాలకి తీయించాలి. పరుగులు, పోటీ ఆటలు మూడు నుంచి ఆరు నెలలు బంద్. వాపు పూర్తిగా తగ్గని గుండె శ్రమలో లయ తప్పొచ్చు. వాడికి ఒంట్లో ఏమీ తెలియదు గనక మాట వినడు. గుండె డాక్టర్ చేత చీటీ రాయించి బళ్లో ఆటల మాస్టారికి ముందే ఇచ్చిరా.

ఆశీస్సులతో,
పెద్దమ్మ