లెక్కల మేడమ్ వెళ్లిపోయారు, పాప మార్కులు తగ్గాయి

ప్రశ్న: మా పాప 8వ తరగతి. నిరుడు లెక్కలు మేడమ్ చెప్పేవారు, మార్కులు 80కి తగ్గేవి కావు. ఈ ఏడు సార్ వచ్చారు. మొన్నటి పరీక్షలో 46. ఆడపిల్లకు మేడమ్ చెబితేనే బుర్రకెక్కుతుంది, స్కూల్ మార్చేద్దాం అంటున్నారు మావారు. నాకూ చిన్నప్పటి నుంచి లెక్కలంటే భయం, ఇంట్లో చెప్పలేను. టెన్షన్‌గా ఉంది.
– ఓ తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీవారి మాటలో కొంత నిజం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో పిల్లల చదువును ఐదేళ్లు గమనించి, ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, ఆయన సహ పరిశోధకురాలు 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. టీచరమ్మ చెప్పిన ఏడాది ఆడపిల్లలు కాస్త ఎక్కువ నేర్చుకున్నారు, మగపిల్లలకు నష్టమేమీ రాలేదు. కానీ ఆ తేడా చాలా చిన్నది. 80 నుంచి 46కి పడిపోయిందంటే ఇంకేదో ఉంది. పైగా 8వ తరగతిలో బీజగణితం బరువెక్కుతుంది, కారణాంకాల దగ్గర చాలామంది పిల్లలు తడబడతారు.

పాప లెక్కల నోట్‌బుక్ ఒకసారి తీసి చూడండి. నా దగ్గరికి వచ్చిన ఓ అమ్మాయి నోట్‌బుక్‌లో బోర్డు మీద చేసిన లెక్కలన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. హోంవర్క్ లెక్కలు మాత్రం రెండు స్టెప్పులు వేసి వదిలేసింది. సార్‌ను అడగలేదా అంటే తల దించుకుని, "నిలబడి అడిగితే అబ్బాయిలు నవ్వుతారు" అంది. నిరుటి మేడమ్‌నైతే వరండాలో పక్కన నడుస్తూ అడిగేసేదట. మీ పాపకూ ఇలాగే ఉంటే, మీరిద్దరూ వెళ్లి సార్‌తో మాట్లాడండి. డౌట్లు చీటీ మీద రాసివ్వడానికో, క్లాసయ్యాక ఇంకో స్నేహితురాలితో కలిసి వచ్చి అడగడానికో ఒప్పించండి.

ఇంకో మాట పాపను ఒంటరిగా, నెమ్మదిగా అడగాలి. సార్ మాటతీరు, చూపు ఏమైనా ఇబ్బందిగా ఉన్నాయా? అవునంటే మార్కుల సంగతి పక్కన పెట్టండి. ఆమె చెప్పింది నమ్మండి, హెడ్మాస్టర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. అలాంటిదేమీ లేకపోతే ఏడాది మధ్యలో స్కూల్ మార్చకండి. కొత్త స్నేహాలు, కొత్త టీచర్లు అన్నీ ఒకేసారి మీద పడతాయి.

ఇక మీ భయం గురించి. అమెరికాలో 2010లో ఒకటి, రెండు తరగతుల మీద ఒక పరిశోధన వచ్చింది. లెక్కలంటే భయపడే టీచరమ్మల దగ్గర ఏడాది చివరికి ఆడపిల్లలే వెనకబడ్డారు, ముఖ్యంగా లెక్కలు మగపిల్లలవి అని నమ్మినవాళ్లు. ఆ క్లాసుల్లో చెప్పింది ఆడవాళ్లే కదమ్మా. అందుకే "నాకూ లెక్కలు వచ్చేవి కావు" అన్న మాట పాప ముందు ఇక అనకండి, దయచేసి.

ఈ ఆదివారం పక్కన కూర్చుని ఒక్క లెక్క మీకు నేర్పమనండి. చెబుతూ ఎక్కడ ఆగిపోతుందో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. సార్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పేజీ తీసుకెళ్లండి.