146–174 మోటరోలా జీఎం300 మన 2 మీటర్ల బ్యాండ్‌లో పనిచేస్తుందా?

సెకండ్ హ్యాండ్‌లో కొన్న 146–174 మెగాహెర్ట్జ్ రకం జీఎం300 (మోటరోలా వారి, కార్లలో బిగించే వైర్‌లెస్ సెట్)లో హ్యామ్ రేడియో కోసం 145.500 మెగాహెర్ట్జ్ ప్రోగ్రామ్ చేస్తే బీప్ ఆగట్లేదు, ఏమీ వినిపించట్లేదు అని మీరు అన్నారు. సెట్ పాడైందని అప్పుడే అనుకోకండి. ఒక ఛానెల్‌లో రిసీవ్ 150 మెగాహెర్ట్జ్ పెట్టి, ట్రాన్స్‌మిట్ ఖాళీగా వదిలి చూడండి. అక్కడ బీప్ లేకపోతే సమస్య 145 దగ్గర పీఎల్ఎల్ (ఫ్రీక్వెన్సీని స్థిరంగా పట్టి ఉంచే సర్క్యూట్) లాక్ కాకపోవడమే.

ఈ సెట్టు వీహెచ్ఎఫ్‌లో 136–162, 146–174 అని రెండు రకాలుగా వచ్చింది. మన దేశంలో హ్యామ్‌లకున్న 2 మీటర్ల బ్యాండ్ 144–146, అంటే మీ సెట్ మొదలయ్యే చోటికి మనది అయిపోతుంది. అమెరికాలో బ్యాండ్ 148 దాకా ఉంది కాబట్టి అక్కడివాళ్లు "ఏమీ మార్చకుండానే పనిచేసింది" అంటే అది మనకు వర్తించకపోవచ్చు. ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ ఫైల్‌లో పరిమితి మార్చి 145 ఒప్పించినంత మాత్రాన వీసీఓ (సెట్‌లో ఆ ఫ్రీక్వెన్సీని పుట్టించే ఆసిలేటర్) అక్కడికి దిగదు. దిగినా అంచు మీదే ఉంటుంది: ఇంట్లో లాక్ అయిన సెట్‌కు ఎండలో కారులో లాక్ తప్పవచ్చు. రిసీవ్, ట్రాన్స్‌మిట్ రెండూ విడివిడిగా, సెట్ చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కాకా చూడాలి. వీసీఓ రెజొనేటర్‌కు కాస్త కెపాసిటెన్స్ కలిపితే ఫ్రీక్వెన్సీ దిగుతుంది గానీ, స్పెక్ట్రమ్ ఎనలైజర్ లేకుండా ఆ పనికి పూనుకోవద్దు. మార్చుకునే వీలుంటే 136–162 సెట్ తీసుకోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఏది చేసినా ముందు కోడ్‌ప్లగ్ (సెట్ మెమరీలోని సెట్టింగుల ఫైల్) కంప్యూటర్‌లోకి చదివి రెండుచోట్ల దాచుకోండి. పవర్, డీవియేషన్ (మాటకు ఫ్రీక్వెన్సీ ఊగే మేర), రిఫరెన్స్ ఆసిలేటర్ సర్దుబాట్లు అందులోనే ఉంటాయి. వేరే సెట్ ఫైల్ ఇందులోకి రాస్తే అవన్నీ చెడిపోతాయి. ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ డాస్ కాలం నాటిది, వేగమైన కంప్యూటర్‌లో టైమింగ్ తప్పుతుంది. రాస్తుండగా మధ్యలో ఆగితే కోడ్‌ప్లగ్ పోయినట్టే. అసలైన సీరియల్ పోర్ట్ ఉన్న పాత మెషీన్, మధ్యలో రిబ్ బాక్స్ (కంప్యూటర్ సిగ్నల్‌ను సెట్‌కు సరిపడేలా మార్చే డబ్బా) వాడండి.

పాత యజమాని ఛానెళ్లన్నీ తుడిచేయండి, అవి మన లైసెన్స్ కిందకు రావు. రిసీవ్‌లో టోన్ (ఫలానా స్వరం వస్తేనే స్పీకర్ తెరిచే ఏర్పాటు) మిగిలిపోతే సెట్ చెవిటిదానిలా ఉంటుంది, తీసేయండి. టైమ్ అవుట్ (ఒక్కసారికి ఆగకుండా ట్రాన్స్‌మిట్ చేయనిచ్చే సమయం) 60 సెకన్లు ఉంటే 180 చేయండి. 12.5 కిలోహెర్ట్జ్ ఛానెల్‌గా ఉంటే డీవియేషన్ 2.5 కిలోహెర్ట్జే, అవతలివాళ్లకు మీ గొంతు తక్కువగా వినిపిస్తుంది, మీ సెట్‌లో వీలుంటే 25కి మార్చండి. రిపీటర్ (మన సిగ్నల్‌ను అందుకుని మళ్లీ ప్రసారం చేసే స్టేషన్) వాడేటట్లయితే ట్రాన్స్‌మిట్ రిసీవ్ కంటే 600 కిలోహెర్ట్జ్ కింద పెట్టండి.

స్పీకర్ అసలే మోగకపోతే వెనక 16 పిన్నుల కనెక్టర్‌లో 15, 16 మధ్య జంపర్ చూడండి. సెట్ కారులోంచి పీకేటప్పుడు చాలామంది దాన్ని పాత వైరింగ్‌తోపాటే వదిలేస్తారు.

లాక్ అయ్యాక సెన్సిటివిటీ కొలవండి. 12 డీబీ సినాడ్‌కు (రొద మధ్య మాట అర్థమయ్యే కొలత స్థాయి) అర మైక్రోవోల్ట్ కంటే ఎక్కువ సిగ్నల్ కావాల్సి వస్తే రిసీవర్ ముందువైపు ఫిల్టర్ 145కి చాలట్లేదన్నమాట. ఫ్రీక్వెన్సీ కూడా కౌంటర్‌తో సరిచూడండి: 5 పీపీఎం (పది లక్షల్లో 5 వంతులు) తేడా అంటే 145 దగ్గర 725 హెర్ట్జ్. ట్రాన్స్‌మిట్ పరీక్షలన్నీ 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు తగిలించే రెసిస్టర్) మీదే చేయండి. 45 వాట్ల సెట్‌కు 13.8 వోల్టుల దగ్గర 12 యాంపియర్లు ఇవ్వగల సప్లై కావాలి. ప్యాకెట్‌కో (రేడియోలో డేటా పంపడం) రిపీటర్‌కో వాడితే పవర్ తగ్గించి, హీట్ సింక్ మీద ఫ్యాన్ పెట్టండి.