ఎర్రావు ఈనిందా అని అడిగితే

ప్రశ్న: మేడమ్, మాది చిత్తూరు దగ్గర పల్లె. రెండు పాడావులు, కొంచెం మామిడితోట ఉన్నాయి. మా ఆయన చర్చిలో సంఘ పెద్ద. మావాడికి ఇరవై రెండేళ్ళు, డిగ్రీ అయిపోయింది. ఒక మిషన్ వాళ్ళతో రెండేళ్ళ సేవకి ఉగాండా పోతానంటున్నాడు, వచ్చే నెలే ప్రయాణం. నాకు నిద్ర పట్టడం లేదు. ఫోన్లో కిడ్నాప్ వార్తలే చూస్తా కూర్చుంటున్నా. భయంగా ఉందంటే మా ఆయన "నీది అవిశ్వాసం, దేవుడు చూసుకుంటాడు" అంటాడు. వాడేమో నవ్వి ఊరుకుంటాడు. వద్దని గట్టిగా చెప్పాలా, నోరు మూసుకుని పంపాలా?

జవాబు: అమ్మా, ఆ రెండూ వద్దు. ఇరవై రెండేళ్ళవాణ్ణి గట్టిగా ఆపితే ఆగడు, ఆగినా ఆ కోపం ఇంట్లోనే తిరుగుతుంది. నోరు మూసుకుంటే మీ టెన్షన్ మీ దగ్గరే ఉంటుంది, వాడికి పనికొచ్చే సంగతి ఒక్కటీ చేరదు. ముందు ఒక మాట, భయపడటం అవిశ్వాసం కాదు. తిరుపతిలో నా దగ్గరికి సలహాకి వచ్చేవాళ్ళలో కొడుకుని అమెరికా గుడికి అర్చకుడిగా పంపిన తల్లులూ ఉన్నారు, వాళ్ళకీ ఇదే గుండెదడ, ఇవే నిద్రలేని రాత్రులు. ఇంట్లో ఏ దేవుడి పటం ఉన్నా ఇందులో తేడా లేదు.

మీరు ఫోన్లో చూసేవి అబద్ధాలని అనను. కేరళ ఫాదర్ టామ్ ఉళున్నాలిల్‌ని 2016 మార్చిలో యెమెన్‌లోని ఏడెన్ నగరంలో ఎత్తుకుపోయారు, బయటపడేసరికి 2017 సెప్టెంబరు వచ్చింది. 2007లో కొరియా చర్చివాళ్ళు 23 మంది అఫ్గానిస్తాన్‌లో బస్సులో పోతుంటే తాలిబన్లు పట్టుకున్నారు, ఇద్దర్ని చంపేశారు. అయితే అవి అప్పట్లో యుద్ధం జరుగుతున్న దేశాలు. ఉగాండాలోనూ సరిహద్దు ప్రాంతాలు కొన్ని జాగ్రత్తగా ఉండాల్సినవే, వాడికి పని ఏ జిల్లాలో అన్నది తప్పకుండా అడగండి, కానీ యెమెన్ వార్తని ఉగాండా మీద అతికించుకుని రాత్రి రెండింటిదాకా మేలుకోవద్దు.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి, అవి వార్తల్లోకి ఎక్కవు. ప్రపంచం మొత్తం మీద ఐదేళ్ళ నుంచి ఇరవై తొమ్మిదేళ్ళ లోపువాళ్ళని ఎక్కువగా చంపేది రోడ్డు ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తుంది. ఉగాండాలో బోడా బోడా అంటారు, కిరాయి బైకులు, మన షేర్ ఆటోల్లాగా ఎక్కడ చూసినా అవే, వెనక కూర్చునేవాడికి హెల్మెట్ ఇచ్చేవాళ్ళు తక్కువ. మీవాడు ఇక్కణ్ణుంచే ఒక మంచి హెల్మెట్ మోసుకుపోవాలి, చీకటి పడ్డాక ఆ బండి ఎక్కకూడదు. రెండోది మలేరియా. అక్కడ ఎక్కువగా ఉండే రకం ప్రాణాంతకమైనది, జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి, రేపు చూద్దాంలే అంటే కుదరదు, దోమతెరా డాక్టరు రాసే ముందుజాగ్రత్త మాత్రలూ తప్పనిసరి. తిరిగొచ్చిన కొన్ని నెలల్లో ఇక్కడ జ్వరం వచ్చినా "ఆఫ్రికా నుంచి వచ్చాను" అని డాక్టరుకి మొదటి మాటగా చెప్పాలి. ఇంకొకటి, విక్టోరియా సరస్సు చూడ్డానికి బాగుంటుంది, ఈతకి దిగొద్దనండి, ఆ నీళ్ళలో చర్మంలోంచి ఒంట్లోకి పోయే పురుగు జబ్బు ఉంది.

ఇవన్నీ చెప్పాక కూడా నా అసలు భయం ఇది కాదమ్మా. మీవాడు మీకు నిజం చెప్పడేమోనని నా భయం.

మూడేళ్ళ క్రితం ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు, ఊరూ దేశమూ చెప్పను. రెండేళ్ళ సేవకని పోయి పదో నెలలో వచ్చేశాడు. అక్కడ టైఫాయిడ్ వచ్చి, తగ్గి, మళ్ళీ తిరగబెట్టి, ఒళ్ళు సగం అయింది. తెలియని భాష, ఒక్కడే గది, రాత్రులు ఏడుపు. అయినా నాలుగు నెలలు ఇంటికి "బాగున్నాను, ప్రభువు వాడుకుంటున్నాడు" అనే చెప్పాడు. ఎందుకురా అంటే, "పోయేముందు నాకు ఫ్లెక్సీ కట్టారు మేడమ్" అన్నాడు. దండలు వేశారు, బియ్యం అమ్మిన డబ్బులు కూడా ఎవరో ముసలమ్మ కానుకిచ్చింది, మధ్యలో వచ్చేస్తే ఆమె మొహం ఎలా చూడాలి అని. వచ్చాక ఎనిమిది నెలలు ఆదివారం కూడా గడప దాటలేదు, సంఘంలో వాళ్ళు "ఏమైందంట" అని గుసగుసలాడుతుంటే అమ్మానాన్నా కూడా తల దించుకున్నారు. వాణ్ణి టైఫాయిడ్ కంటే ఆ దండలే ఎక్కువ నలిపాయి.

అందుకే మీవాడికి వీడ్కోలు కూడిక పెడతారు కదా, ఆ రోజు మీ ఆయన చేత ఒక మాట మైకులో చెప్పించండి, "మావాడు రెండేళ్ళుంటే సంతోషం, ఒంట్లో బాగాలేకో అక్కడి పరిస్థితి బాగాలేకో ముందే వస్తే ఇంతే సంతోషంగా ఎదురెళ్ళి తెచ్చుకుంటాం" అని. అందరూ విన్న మాటని తర్వాత ఎవరూ తిప్పలేరు. ఆయన ఒప్పుకోకపోతే బైబిలు వాక్యంలోంచే అడగండి. నేను చర్చికి పోయే మనిషిని కాను, ఈ పని చేస్తూ చేస్తూ చదువుకున్నాను. ఊరూరా సువార్త చెప్పిన పౌలుతో సేవకి బయల్దేరిన మార్కు పంఫూలియ అనే ప్రాంతం దాకా పోయి యెరూషలేముకి తిరిగొచ్చేశాడు, పౌలుకి ఎంత కోపం వచ్చిందంటే తర్వాతి ప్రయాణానికి వద్దన్నాడు, ఆ విషయంలో తోటి సేవకుడు బర్నబాతోనే తెగదెంపులయ్యాయి. అదే పౌలు చివరి రోజుల్లో శిష్యుడు తిమోతికి రాస్తూ మార్కుని వెంటబెట్టుకు రా, నాకు పనికొస్తాడు అన్నాడు. రెండో సువార్త ఆ మార్కుదే అంటారు కదా. ఇంకా కావాలంటే దమస్కులో పౌలు గోడమీంచి గంపలో దిగి పారిపోయిన కథ ఉంది. ఆ రాత్రి ఆయనది అవిశ్వాసమని ఎవరూ అనలేదు. దేవుడు చూసుకుంటాడు సరే, ఆ గంపని తాళ్ళతో దించింది మాత్రం మనుషులే.

ఇప్పుడు మిషన్ వాళ్ళ సంగతి. వాళ్ళని అడగడానికి మొహమాటపడకండి, ఆడవాళ్ళు అడిగితే బాగుండదనుకుంటే మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మీరే అడగండి. వీసా దేని మీద? టూరిస్టు వీసా మీద తీసుకుపోయి సేవ చేయిస్తామంటే అక్కడికక్కడే ఆపేయండి, ఏదన్నా జరిగితే తప్పు మీవాడిదే అవుతుంది. మన వైపు బృందాలు వీసా అక్కర్లేదు కదా అని నేపాల్ పోతుంటాయి, అక్కడ 2018 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం మతం మార్పిస్తే ఐదేళ్ళదాకా జైలు, విదేశీయులనైతే శిక్షయ్యాక దేశం దాటిస్తారు. పోయేవాళ్ళలో ఎంతమందికి ఇది చెప్పి తీసుకుపోతారో నాకు అనుమానమే. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది? మీవాడి దగ్గరే ఉండాలి, "భద్రంగా ఆఫీసులో పెడతాం" అనే మాట వినొద్దు. ఆస్పత్రి ఖర్చుకి బీమా ఉందా, పెద్ద జబ్బయితే విమానంలో తెచ్చే ఖర్చు అందులో ఉందా? ఉన్నట్టుండి గొడవలు మొదలైతే వెనక్కి పిలిచే నిర్ణయం ఎవరిది, ఆ మనిషి ఫోన్ నంబరు మీకిస్తారా? ఒంటరిగా ఉంచుతారా, జతగానా? జతే కావాలి. మోర్మన్ అనే అమెరికా చర్చివాళ్ళు ఇలా వేలమంది కుర్రాళ్ళని, అమ్మాయిల్ని పంపుతారు, ఎక్కడికి పోయినా ఇద్దరు కలిసే పోవాలనేది వాళ్ళ నియమం. వాళ్ళు కూడా ఒకప్పుడు ఇంటికి ఏడాదికి రెండుసార్లే ఫోన్ చెయ్యనిచ్చేవాళ్ళు, 2019 ఫిబ్రవరి నుంచి వారం వారం మాట్లాడుకోనిస్తున్నారు. అంత పెద్ద చర్చే మార్చుకుంది, కాబట్టి "ఇంటి ధ్యాస సేవకి అడ్డు" అని మీ మిషన్ అంటే ఒప్పుకోకండి. ఈ ప్రశ్నలకి చిరాకుపడితే, "విశ్వాసం లేదా సిస్టర్" అంటే, అప్పుడు మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. అలాంటి వాళ్ళతో పంపకండి.

మీరు చెయ్యాల్సింది ఇంకోటి ఉంది, ఇది మీ ఇద్దరి మధ్యే. పాలడబ్బుల్లోంచి తిరుగు టికెట్‌కి సరిపోయే మొత్తం వేరే ఖాతాలో వేసి, కార్డు వాడి చేతికివ్వండి. "ఇది సంఘానిది కాదు, మిషన్ది కాదు, మీ నాయనది కూడా కాదు, ఎవరినీ అడగకుండా టికెట్ కొనుక్కో" అని చెప్పండి. ఆ డబ్బు వాడకుండానే రెండేళ్ళు గడవచ్చు, అయినా ఆ కార్డు జేబులో ఉంటే వాడి నడకే వేరు. అలాగే పక్కన మనుషులుండి మాట్లాడలేని పరిస్థితి వస్తే చెప్పడానికి ఒక గుర్తు పెట్టుకోండి. ఇంట్లో ఆవులున్నాయి కాబట్టి, "ఎర్రావు ఈనిందా?" అని అడిగితే నన్ను ఇక్కణ్ణుంచి బయటికి తియ్యండి అని అర్థం. అప్పుడు మీరు కంగారుపడి ఏడవకుండా "ఈనింది, పెయ్యదూడ" అనేసి ఫోన్ పెట్టి, ముందు మిషన్ పెద్దకి, తర్వాత ఉగాండా రాజధాని కంపాలాలోని మన హైకమిషన్‌కి, అంటే మన దేశ రాయబార ఆఫీసుకి ఫోన్ చెయ్యాలి. ఆ నంబర్లు గోడ క్యాలెండరు వెనక రాసిపెట్టుకోండి, ఫోన్లో ఒక్కదాంట్లోనే వద్దు. విదేశాంగ శాఖవాళ్ళ మదద్ పోర్టల్ అని ఒకటుంది, విదేశాల్లో ఉన్న మనవాళ్ళ ఫిర్యాదులకి, మీ ఊళ్ళో చదువుకున్న పిల్ల ఎవరైనా దాన్ని తెరిచి చూపిస్తుంది.

ఫోన్ మాటల సంగతి కూడా చెప్పాలి. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక, మీకు రాత్రి తొమ్మిదైతే వాడికి సాయంత్రం ఆరున్నర. మీ ఆయన ఫోన్ తీసుకోగానే "కూడికలు ఎలా ఉన్నాయి, ఎంతమంది వస్తున్నారు" అని మొదలుపెడతారని నాకు తెలుసు, పెట్టనివ్వండి, కానీ వారంలో ఒక ఫోన్ మీది మాత్రమే కావాలి. అందులో సేవ ఊసు వద్దు, తిన్నావా, ఎవరు వండారు, నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, అక్కడ నీకు నచ్చనివాడు ఎవడు అని అడగండి. ఆ చివరి ప్రశ్నకి చాలా బయటికొస్తుంది.

ఒక విచిత్రం చూడండమ్మా, మన వైపు ఇది తిరగబడింది. 1850ల్లో ఆర్కాటు మిషన్ అమెరికన్లు ఈ ఊళ్ళకే వచ్చారు, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ ఆస్పత్రి విదేశీ మిషన్ల వాళ్ళు పెట్టిందే. వాళ్ళకీ తల్లులున్నారు, ఉత్తరం రావడానికి నెలలు పట్టేది, ఇక్కడి జ్వరాలకి పోయినవాళ్ళున్నారు. ఆ తల్లుల చేతిలో ఏమీ లేదు, మీ చేతిలో ఫోనుంది, దాంట్లో ఇకమీదట కిడ్నాప్ వీడియోలు చూడటం మానెయ్యండి.

పచ్చజ్వరం, అంటే ఎల్లో ఫీవర్ టీకా సంగతి మర్చిపోయేరు, వచ్చే నెలే అన్నారు కాబట్టి చెప్తున్నా. ఉగాండా వెళ్ళాలంటే అది వేయించుకున్న సర్టిఫికెట్ ఉండాలి, అది లేకుండా తిరిగొస్తే ఇక్కడ ఎయిర్‌పోర్టులోంచి తీసుకుపోయి ఆరు రోజులదాకా విడిగా ఉంచుతారు. టీకా వేయించుకున్న పది రోజులకి గానీ ఆ కాగితం చెల్లదు, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది. చెన్నైలో, గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు, ముందు ఫోన్ చేసి ఏ రోజుల్లో వేస్తారో కనుక్కుని పొమ్మనండి. వాడితో పాటు మీరూ వెళ్ళండి. పోనూ రానూ బస్సులో కలిపి ఏడెనిమిది గంటలు ఇద్దరే ఉంటారు, ఎర్రావు సంగతి అప్పుడు మాట్లాడుకోవచ్చు.