బండలు పగలగొట్టించొద్దు పాపా, ముందు మిద్దె ఎక్కి చూడండి

పాపా,

నిన్న ఫోన్‌లో సగమే మాట్లాడుకున్నాం, పిల్లోడు ఏడుస్తున్నాడని పెట్టేశావు, అందుకే కూర్చుని రాస్తున్నా. బాత్రూంలో గబ్బు వాసన, పైన వాళ్ళు ఫ్లష్ కొట్టినప్పుడల్లా మీ బాత్రూంలో గుడగుడమని చప్పుడు, బేల్దారి వచ్చి బండలన్నీ తీసి పైపు మార్చాలన్నాడు, ఓనరేమో ఖర్చులో సగం మీరు పెట్టుకోండి అన్నాడు, ఇంతే కదా. నేను 30 ఏళ్ళకు పైగా కడపలో, ప్రొద్దుటూరులో ఇదే పని చేసినవాణ్ణి, నా మాట విను. నేను కింద రాసినవన్నీ చూసేదాకా ఆ బండల మీద సుత్తి పడనివ్వొద్దు. అల్లుడికి కూడా ఇదే చెప్పు.

ముందు ఒక సంగతి బుర్రలో పెట్టుకో. సెప్టిక్ ట్యాంకులో పుట్టే గాలి పైపుల్లో నుంచి ఇంట్లోకి రాకుండా ఆపేది, బాత్రూం జాలీ కింద నిలిచి ఉండే 2 అంగుళాల నీళ్ళే. కమోడ్ అడుగున కనిపించే నీళ్ళ పని కూడా అదే. ఆ నీళ్ళు ఉన్నంతసేపు వాసన రాదు, బొద్దింక రాదు. వాసన వస్తోందంటే ఎక్కడో ఆ నీళ్ళు లేవు, లేదా నీళ్ళతో పని లేకుండా పక్కసందులో నుంచి గాలి వస్తోంది. కాబట్టి నువ్వు వెతకాల్సింది ఒకటే, నీళ్ళు ఎక్కడ పోయాయి, ఎందుకు పోయాయి అని.

మొదట జాలీ ఎత్తి టార్చి వేసి చూడు. జాలీ కింద నీళ్ళు నిలిచే ఆ గిన్నెను నాని ట్రాప్ అంటారు, షాపులో అలా అడిగితేనే ఇస్తారు. కొన్నిట్లో లోపల ఒక చిన్న కప్పు బోర్లించినట్టు ఉంటుంది. నీళ్ళు నిదానంగా పోతున్నాయని, వెంట్రుకలు చిక్కుకుంటున్నాయని ఆ కప్పు తీసి పక్కన పెట్టేసి మళ్ళీ పెట్టడం మరిచిపోయిన ఇళ్ళు నేను ఎన్ని చూశానో లెక్కలేదు. కప్పు లేకపోతే అది తెరిచిన తలుపే. ఇంకో సంగతి, మీరు ఏప్రిల్‌లో నెలరోజులు తాళం వేసి బెంగళూరు పోయొచ్చారు కదా, మన అనంతపురం ఎండకు ఆ కాస్త నీళ్ళు ఆవిరై ఉంటాయి. వాడని రెండో బాత్రూంలో కూడా అంతే. ఒక మగ్గు నీళ్ళు పోసి కిటికీ తెరిచి అరగంట చూడు. వాసన పోయి మళ్ళీ రాకపోతే నీ సమస్య అంతటితో సరి. ఈసారి ఊరికి పోయేముందు ప్రతి జాలీలో నీళ్ళు పోసి పైన ఒక చెంచా వంటనూనె వెయ్యి, నూనె పొర తేలి నీళ్ళు తొందరగా ఆరవు.

నీళ్ళు పోసిన మర్నాటికే మళ్ళీ వాసన వస్తే మాత్రం ఎండది తప్పు కాదు, ఎవరో ఆ నీళ్ళను లాగేస్తున్నారు. నువ్వు చెప్పిన గుడగుడ చప్పుడు చూస్తే నాకు దీని మీదే అనుమానం. ఇలా చెయ్యి. జాలీ తీసి టార్చి పట్టుకుని కూర్చో, పైన ఉన్నావిడకు ఫోన్ చేసి ఫ్లష్ కొట్టమను. పై నుంచి నీళ్ళు పైపు నిండా పడుతున్నప్పుడు ముందున్న గాలిని తోసుకుంటూ, వెనకున్న గాలిని లాక్కుంటూ దిగుతాయి. ఆ గాలికి మిద్దె మీద దారి ఉండాలి. లేకపోతే అది మీ జాలీలో నీళ్ళను గుటకేసినట్టు లాగేస్తుంది, లేదా కింద నుంచి బుడగలు తోస్తుంది. ట్రాప్‌లో నీళ్ళు ఎంత తగ్గాయి, ఎంత ఎగిరాయి అని నీ కంటితో చూసి నాకు చెప్పాలి. ఇంకొకటి కూడా గమనించు. ఒక బకెట్ నీళ్ళు కుమ్మరిస్తే చకచకా పోయి, చప్పుడు మాత్రమే వస్తుంటే గాలి దారి సమస్య. నీళ్ళు కూడా నిలిచి నిలిచి పోతూ బుడగలొస్తుంటే ముందుకు పోయే పైపులో ఎక్కడో అడ్డం ఉంది. ఈ రెండూ కలిపేసి చూస్తేనే బండలు పగులుతాయి.

ప్రొద్దుటూరులో ఒక ఇంట్లో నేను ఆ తప్పు చేశాను, ఇప్పటికీ బాధే. వాసన, గుడగుడ, అచ్చం నువ్వు చెప్పినట్టే. పైపు పగిలిందనుకుని బాత్రూం బండలు తీయించా. పైపు నిక్షేపంగా ఉంది. మళ్ళీ బండలు వేసి, నెలలోపే వాసన వచ్చిందని పిలిస్తే అప్పుడు మిద్దె ఎక్కా. వాసన వస్తోందని ఎవరో వెంట్ పైపు, అంటే గాలి పోయే పైపు, మూతిని సిమెంటుతో మూసేశారు. అది తెరిచిన రోజే అంతా సర్దుకుంది. ఆ ఇంటాయన నన్ను ఒక్క మాట అనలేదు, కానీ ఆయన పెట్టిన ఖర్చు నాకు తెలుసు. అప్పటి నుంచి ఏ ఇంటికి పోయినా ముందు మిద్దె ఎక్కి, తర్వాతే బాత్రూంలోకి పోయేవాణ్ణి.

అందుకే ఆదివారం అల్లుణ్ణి మిద్దె ఎక్కించు. నువ్వు ఒక్కదానివే నిచ్చెన వేసుకుని ఎక్కొద్దు. బాత్రూం ఉన్న వైపు గోడ వెంట పైకొచ్చిన పైపు ఏది, దాని మూతికి జాలీ టోపీ ఉందా, పిచ్చుకలో పావురాలో గూడు పెట్టాయా, పిల్లల బంతి పడిందా చూడాలి. బకెట్‌తో నీళ్ళు పోస్తే గడగడా దిగిపోవాలి. నిలబడి పొంగితే అక్కడే అడ్డం. అసలు మూతే కనపడకపోతే ఓనరును అడగండి, పైన ఇల్లు పోయినేడాది కట్టించాడన్నావు కదా. మన వైపు ఇది చాలా మామూలు. కింద ఇంటికి గాలి కోసం వేసిన పైపుకే పైనింటి కమోడ్ కలిపేసి, దాన్ని మిద్దె దాకా తీసుకుపోకుండా పైనింటి గోడలోనే ఆపేస్తారు. గాలి పైపు కాస్తా మురుగు పైపు అయిపోతుంది. మీ ఇంట్లో జరిగింది ఇదేనని 90 పాళ్ళు నా అనుమానం, కానీ చూడకుండా ఓనరు మీద మాట వేయొద్దు.

ఒకవేళ అదే అయితే దానికి బండలు తీయాల్సిన పనే లేదు. బయటి గోడ వెంట కొత్తగా 3 అంగుళాల పీవీసీ పైపు, మీ లైనుకు బయటనే ఒక టీ (మూడు మూతుల జాయింటు) వేసి కలిపి, మిద్దె దాటించి మనిషి తలకన్నా ఎత్తుకు లేపాలి. మిద్దె మీద బట్టలు ఆరేస్తారు, ఎండాకాలం పడుకుంటారు, కాబట్టి పొట్టిగా వదిలేస్తే మళ్ళీ ఎవరో మూసేస్తారు. పక్కింటి కిటికీకి దగ్గరగా వద్దు. పని తెలిసిన ప్లంబర్‌కు ఒక రోజు పని.

ఇవన్నీ బాగుండి కూడా వాసన వస్తే, జాలీ నుంచి కాకుండా ఇంకెక్కడి నుంచో వస్తుండొచ్చు. రాత్రి పడుకునేముందు పాలిథిన్ కవరులో నీళ్ళు పోసి ముడేసి జాలీ మీద పెట్టు, బరువుకు అంటుకుపోతుంది. పొద్దున్నే వాసన లేకపోతే దొంగ జాలీలో ఉన్నట్టు. ఉంటే వాష్‌బేసిన్ కింద చూడు. అక్కడ తెల్లటి ముడతల పైపు నేలలో ఉన్న రంధ్రంలోకి దోపి వదిలేస్తారు, చుట్టూ వేలు పట్టేంత సందు. ఆ సందుకు రబ్బరు వాషర్ దొరుకుతుంది, ఖర్చు కూడా ఏమంత ఉండదు. బేసిన్ కింద నీళ్ళు నిలిపి వాసన ఆపే బాటిల్ ట్రాప్ లేకపోతే అదీ వేయించు. కమోడ్ మీద కూర్చుంటే కదులుతోందా, అడుగున తడి ఊరుతోందా చూసుకో, వెనక కనెక్టర్ రబ్బరు పోయినా ఇదే వాసన. వాషింగ్ మెషీన్ నీళ్ళు ఆ బాత్రూంలోకే వదులుతుంటే, మోటారు తోసే జోరుకు కూడా ట్రాప్‌లో నీళ్ళు కొట్టుకుపోతాయి. బట్టలు ఉతికాక ఒక మగ్గు నీళ్ళు పోయడం అలవాటు చేసుకో. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినప్పుడు కిటికీయో తలుపో కొంచెం తెరిచి ఉంచు, లేకుంటే అది పైపులో గాలినే లాగుతుంది.

ఇక యాసిడ్. నిన్న నువ్వు రెండు సీసాలు పోశానన్నప్పుడు నా గుండె ఝల్లుమంది. పాపా, ఇంకెప్పుడూ పోయొద్దు. మీ బాత్రూంలో పరిచింది తాడిపత్రి బండలు, సున్నపురాయి జాతి, యాసిడ్ పడితే నురగలు కక్కుతూ తినేయబడుతుంది. బండల మధ్య సిమెంటు సందులు పోతాయి, అక్కడి నుంచి నీళ్ళు కిందికి ఇంకుతాయి. సెప్టిక్ ట్యాంకులో మురుగును కరిగించే సూక్ష్మజీవులు చస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, బ్లీచింగ్ పౌడర్ వేసిన చోట యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. పిల్లోడు పాకే ఇల్లు అది. మన బోరు నీళ్ళు చవుడు నీళ్ళు, సబ్బుతో కలిసి మడ్డి కడుతుంది, దానికి వెంట్రుకలు తోడై ముద్దవుతుంది. చేతికి కవరు తొడుక్కుని ఆ ముద్దను తీసెయ్, వేడినీళ్ళు పోయ్, అయినా పోకపోతే రబ్బరు పంపుతో నొక్కు. నొక్కేటప్పుడు బేసిన్ రంధ్రాన్ని తడిగుడ్డతో గట్టిగా మూయాలి, లేకపోతే జోరంతా అటు పోతుంది. రెండు రోజులు ఇలా చేసినా నీళ్ళు నిలుస్తుంటే, స్ప్రింగు తీగ ఉన్న ప్లంబర్‌ను పిలవండి.

అడ్డం ఇంట్లో ఉందా, బయట ఉందా తెలుసుకోవడం సులువే. బయట ఛాంబర్ (ఇంటి మురుగు పైపులు వచ్చి కలిసే తొట్టి) మీద కడప బండ ఉంటుంది, ఇద్దరు మగవాళ్ళతో ఎత్తించు. లోపల నీళ్ళు నిండుగా నిలబడి ఉంటే అడ్డం దాని తర్వాత ఉంది, లేదా ట్యాంకు నిండింది. ఛాంబర్ ఖాళీగా ఉండి ఇంట్లో నీళ్ళు నిలుస్తుంటే అడ్డం ఇంటికీ ఛాంబర్‌కీ మధ్యలో. ట్యాంకు 2, 3 ఏళ్ళకోసారి లారీతో తీయించాలి, చివరిసారి ఎప్పుడు తీయించారో ఓనరును అడుగు. మనిషిని మాత్రం లోపలికి దించనివ్వొద్దు, ఎంత తక్కువకు వస్తానన్నా సరే. 2013 చట్టం ప్రకారం రక్షణ సామాగ్రి లేకుండా దించడం నేరం. చట్టం మాట పక్కన పెట్టినా, లోపలి గాలికి మనిషి నిమిషాల్లో పడిపోతాడు, కాపాడబోయిన రెండోవాడూ పడిపోతాడు. ఆ విషవాయువు ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియదు. మూత దగ్గర అగ్గిపుల్ల, బీడీ కూడా వద్దు.

ఓనరుతో గొడవ పెట్టుకోకు. పైన ఫ్లష్ కొట్టినప్పుడు ట్రాప్‌లో నీళ్ళు కదిలేది ఫోన్‌లో వీడియో తీయి, మిద్దె మీద పైపు ఫోటో తీయి, రెండూ చూపించి, "బండలు తీస్తే ఖర్చు ఎక్కువ, బయట పైపు వేస్తే తక్కువ, ముందు ఇది చేసి చూద్దాం అన్నా" అని నెమ్మదిగా చెప్పు. పైపు ఇంటిది కాబట్టి ఆ ఖర్చు ఆయనదే, రబ్బరు వాషర్ లాంటివి నువ్వు తెప్పించుకో.

ఆ వీడియో నాకూ వాట్సాప్‌లో పంపు, సందేహముంటే వచ్చే వారం కడప నుంచి పొద్దున బస్సెక్కి వస్తా. బేల్దారికి మాత్రం ఈ రోజే ఫోన్ చేసి రావద్దని చెప్పెయ్.

మీ పెద్దనాయన